ఫ్లాట్‌ను పగలగొట్టకుండా మార్చుకోవడం: రాయి, చెక్క, నూలు, లేత రంగులు

ఇంటీరియర్ చేయించాలి అనుకోగానే ఫోన్లో ఓ వంద ఫోటోలు పోగేయడం మొదలుపెడతాం. లేత రంగు గోడలు, తెల్లటి చెక్క నేల, పల్చటి తెరలు, మూలన ఒక పేము కుర్చీ. చూడ్డానికి హాయిగానే ఉంటాయి, కాదనను. కానీ వాటిలో చాలావరకు చలిదేశాల ఇళ్ళు. అక్కడ నేలకి రోజూ తడిగుడ్డ పెట్టరు, పోపు ఘాటు హాలు దాకా రాదు, ఏప్రిల్లో పడమటి గోడ మీద చెయ్యి పెడితే కాలదు. అదే సామాను తెచ్చి మన ఫ్లాట్లో పెడితే మొదటి వానాకాలానికే అసలు సంగతి బయటపడుతుంది.

అందుకని ఇక్కడ చెప్పేదంతా హైదరాబాద్ లాంటి ఊళ్ళో పది పన్నెండేళ్ళ కింద కట్టిన రెండు బెడ్‌రూముల ఫ్లాటుని దృష్టిలో పెట్టుకుని. మీకు తెలిసిన ఇల్లే: నేలంతా ఐవరీ రంగు మెరుపు టైల్స్, ముదురు గోధుమరంగు మైకా వార్డ్‌రోబులు, హాల్లో ఒక గోడకి మాత్రం మెరూన్, సీలింగ్ చుట్టూ పీఓపీ, ఆ పీఓపీ సందులో నీలం లైటు. దీన్ని మొత్తం పీకేసి మళ్ళీ కట్టక్కర్లేదు. డిజైనర్లు పీకమనే చెబుతారు, ఎందుకంటే వాళ్ళ బిల్లు అడుగుల లెక్కన పెరుగుతుంది.

నేను నమ్మే సూత్రం ఒకటే. చేతికీ కాలికీ తగిలేవి అసలువి ఉండాలి, కంటికి మాత్రమే కనిపించేవి చవకవైనా ఫర్వాలేదు. డైనింగ్ టేబుల్ పైభాగం, కుర్చీ చెయ్యి, డ్రాయర్ పిడి, పడక మీద దుప్పటి, మంచం దిగగానే కాలు పెట్టే చాప, వీటి దగ్గర డబ్బుకి వెనకాడొద్దు. అటక తలుపులు, సీలింగ్, టీవీ వెనక గోడ, వీటికి మామూలు పెయింటు చాలు. టీవీ గోడకి రెండు లక్షల ప్యానెలింగ్ చేయించి, రోజూ చెయ్యి ఆనించే టేబుల్‌కి ప్లాస్టిక్ షీటు అంటించుకున్న ఇళ్ళు ఎన్ని లేవు!

ముందు లైట్లు, తర్వాతే రంగు

పెయింటు షాపుకి వెళ్ళకముందే బల్బులు మార్చండి. ఈ ఒక్క మాట వింటే సగం తలనొప్పి తగ్గుతుంది. మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉండేవి 6500 కెల్విన్ ఎల్‌ఈడీ ట్యూబులు, అంకె పెట్టె మీదే రాసి ఉంటుంది. కెల్విన్ అంటే వెలుతురు రంగు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం, తగ్గేకొద్దీ పసుపు. ఆ నీలితెలుపు వెలుతురులో గంధం రంగు గోడ జ్వరమొచ్చిన ముఖంలా పాలిపోతుంది, టేకు చెక్క బూడిద తిరుగుతుంది, మీరు షేడ్ కార్డులో చూసి ముచ్చటపడిన రంగు రాత్రయ్యేసరికి మాయం. హాలుకీ బెడ్‌రూముకీ 2700 నుంచి 3000 కెల్విన్, వంటింటికీ చదువుకునే బల్లకీ 4000. ఇంకో అంకె కూడా అడగండి, సీఆర్‌ఐ, ఆ వెలుతురులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పేది. మామూలు బల్బులకి 80 ఉంటుంది, 90 దాటినవి కాస్త ఖరీదు, కానీ చెక్క రంగు, కూర రంగు, మనిషి ముఖం రంగు ఉన్నదున్నట్టు కనపడేది వాటి కిందే.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే "ఏంట్రా ఈ చీకటి, పేపర్ కూడా కనపడట్లేదు" అనడం ఖాయం. వాళ్ళు అనేదాంట్లో న్యాయం ఉంది. వెచ్చని లైటు అంటే తక్కువ లైటు అని కాదు. ఒకే ట్యూబు చేసే పనిని నాలుగైదు దీపాలకి పంచాలి, వాళ్ళు కూర్చునే కుర్చీ పక్కన చదువుకోవడానికి విడిగా ఒకటి పెట్టాలి, దాని స్విచ్ చెయ్యి చాపితే అందేలా ఉండాలి. ల్యాంపు షేడు కొనేటప్పుడు సత్యసాయి జిల్లా నిమ్మలకుంట వాళ్ళు చేసే తోలు షేడ్లు ఒకసారి చూడండి. తోలుబొమ్మలాట బొమ్మలు చేసిన చేతులే అవి, మేకతోలుని వెలుతురు దూరేంత పల్చగా చేసి రంగులద్దుతారు. వెలిగిస్తే గోడంతా తేనెరంగు పడుతుంది. లోపల ఎల్‌ఈడీయే పెట్టండి, వేడి బల్బు పెడితే తోలు ముడుచుకుపోతుంది.

ఇక రంగు. లేత రంగులు అనగానే ఇల్లంతా ఒకే బీజ్ పూసేసి ఆసుపత్రి చేసేవాళ్ళున్నారు. లేతదనంలోనూ మూడు నాలుగు కుటుంబాలున్నాయి: మీగడ, గంధం వైపు ఒకటి, బూడిద కలిసిన లేత ఆకుపచ్చ ఒకటి, బాగా పల్చన చేసిన ఇటుక, మట్టి రంగులు ఒకటి. ఏది మీ ఇంటికి కుదురుతుందో చెప్పేది షేడ్ కార్డు కాదు, మీ నేల. ఒక తెల్ల కాగితం, మామూలు ఏ4, టైల్ మీద పెట్టి చూడండి. అప్పటిదాకా తెలుపే అనుకున్న టైల్ కాగితం పక్కన పసుపుగానో కాస్త గులాబీగానో తేలుతుంది. పసుపు తేలితే నీలం కలిసిన బూడిద రంగు గోడ జోలికి పోకండి, ఆ గోడ ఎంత ముద్దొచ్చినా సరే, నేల మాసినట్టు కనిపిస్తుంది. మీగడ, గంధం, లేత ఆకుపచ్చ దానికి సరిపోతాయి. గులాబీ తేలితే పల్చటి మట్టి రంగు బాగా కలుస్తుంది.

తర్వాత దిక్కు. ఉత్తరం కిటికీ గదిలో వెలుతురు రోజంతా కాస్త నీలంగానే ఉంటుంది కాబట్టి వెచ్చదనం ఉన్న రంగు వేయాలి. పడమటి గదిలో సాయంత్రం ఎండ అంతా నారింజ, అక్కడ గంధం రంగు వేస్తే మూడు గంటలకి గది మండిపోతున్నట్టు ఉంటుంది, బూడిద కలిసిన ఆకుపచ్చ వేస్తే కళ్ళు చల్లబడతాయి. తూర్పు గది ఏదైనా భరిస్తుంది.

శాంపిల్ డబ్బా తెచ్చి నేరుగా గోడకి పూయొద్దు. చుట్టూ ఉన్న పాత మెరూన్ కొత్త రంగుని చూడనివ్వదు. రెండడుగుల తెల్ల అట్ట మీద అంచు వదిలేసి రెండు కోట్లు వేసి ఆరనిచ్చి, ఆ అట్టని ఇంట్లో తిప్పండి: పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి లైట్లు వేశాక, సోఫా వెనక, టైల్ పక్కన, చెక్క పక్కన. షేడ్ కార్డులో ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది, ఆ రంగు వెలుతురుని ఎంత తిప్పి కొడుతుందో చెప్పేది. కిటికీ ఒక్కటే ఉన్న హాలుకి అది 60 కి పైన ఉంటే పగలు లైటు అవసరం తగ్గుతుంది. సీలింగ్‌కి కటిక తెలుపు బదులు, గోడ రంగునే పావు గాఢతలో కలపమని షాపులో అడగండి, మిషన్ మీద కలిపేవాళ్ళు చేసిస్తారు. తక్కువ ఎత్తు ఫ్లాట్లలో గోడకీ సీలింగ్‌కీ మధ్య గీత కనపడకపోతే గది ఎత్తుగా అనిపిస్తుంది.

గోడలు

పెయింటర్ రాకముందు చెమ్మ చూసుకోవాలి. బాత్‌రూమ్‌కి ఆనుకున్న గోడ, బయటి గోడల కింది భాగం, కిటికీ కింద. అనుమానం ఉన్నచోట అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరుని నాలుగువైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. కవరు లోపలివైపు నీటి బొట్లు పడితే గోడలోంచి తేమ వస్తున్నట్టు. తెల్లటి ఉప్పు పొర పొడిపొడిగా రాలుతున్నా అదే కథ. దాని మూలం పట్టుకోకుండా ఎంత ఖరీదైన పెయింటు వేసినా ఏడాదిలో పొక్కులే.

సున్నం సంగతి చాలామంది అడుగుతున్నారు, ఈమధ్య లైమ్ వాష్ అని ఫ్యాషన్ అయింది కదా. మన పాత ఇళ్ళకి వేసిన వెల్లే అది, ఇప్పుడు ఇంగ్లీషు పేరుతో తిరిగొచ్చి రేటు పెంచుకుంది. గోడ లోతు ఉన్నట్టు, మబ్బు మబ్బుగా చాలా అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కాకపోతే సున్నానికి పీల్చుకునే గోడ కావాలి. మీ గోడ మీద ఇప్పటికే ప్లాస్టిక్ ఎమల్షన్ ఉంటే దాని మీద సున్నం నిలవదు, చేత్తో రాస్తే వస్తుంది. పాతదంతా గీకి సిమెంటు పూత దాకా వెళ్ళాలి, లేదా సున్నం కోసమే చేసిన మినరల్ ప్రైమర్ వేయాలి. ఇల్లంతా ఎందుకు, పడక వెనక ఒక్క గోడకి చేయించుకోండి, పిల్లల చేతులు, నూనె తలలు తగలని గోడ. మంచం తలవైపు చెక్క అడ్డం ఎత్తుగా ఉంటే ఆ బాధ కూడా లేదు. కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపిన గచ్చు సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు కానీ, ఫ్లాటులో ఆ పని పెట్టుకుంటే ఆరడానికి నెలలు పడుతుంది, ఓపిక ఉంటేనే.

మిగతా గోడలకి తక్కువ వాసన వచ్చే, వీఓసీ (పెయింటు నుంచి గాలిలోకి ఆవిరయ్యే రసాయనాలు) తక్కువని డబ్బా మీద రాసిన మ్యాట్ ఎమల్షన్ సరిపోతుంది. 2021 జనవరిలో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఆవుపేడతో చేసిన ప్రాకృతిక్ పెయింటు తెచ్చింది, అది కూడా వాడొచ్చు, వాసన రాదు. దాంట్లో డిస్టెంపరు, ఎమల్షన్ అని రెండు రకాలు ఉన్నాయి. తడిగుడ్డతో తుడవాల్సిన గోడలుంటే ఎమల్షనే తీసుకోండి. ఏ పెయింటయినా అందం లప్పంలో ఉంటుంది. మెరుపు లేని లేత రంగు గోడ పక్కనుంచి పడే వెలుతురులో ప్రతి గీతనీ చూపిస్తుంది కాబట్టి, లప్పం రెండు చేతులు పెట్టి ఉప్పుకాగితం కొట్టాక, పెయింటర్ వెళ్ళేలోపు చీకటి చేసి టార్చిలైటుని గోడకి ఆనించి అడ్డంగా వేసి చూడండి. గుంటలూ గట్లూ నీడలేసుకుని కనపడతాయి. అక్కడ పెన్సిలుతో సున్నా చుట్టి పెట్టండి. పెయింటర్‌కి కాస్త చిరాకు వస్తుంది, రానివ్వండి.

నేల: పీకాలా వద్దా

మెరుపు టైల్స్ మీద కోపం నాకూ ఉంది, ఎండ పడితే కళ్ళలోకి కొడతాయి, దుమ్ము ప్రతి అడుగూ చూపిస్తుంది. అయినా వాటిని పీకడానికి పది సార్లు ఆలోచించండి. టైల్స్ మీదే రాయి పరిచేద్దాం అనే మేస్త్రీ మాట మాత్రం అసలు వినొద్దు. లెక్క చూడండి: 20 మిల్లీమీటర్ల నాపరాయి చదరపు మీటరుకి 50 కిలోలకి పైగా ఉంటుంది, దాని కింద అంగుళంన్నర మాలు వేస్తే ఇంకో 75 కిలోల దాకా. మామూలుగా స్లాబ్ డిజైన్‌లో నేల పూతలన్నిటికీ కలిపి వదిలే బరువు చదరపు మీటరుకి 100 నుంచి 150 కిలోలు, అందులో ఎక్కువ భాగం ఇప్పుడున్న టైల్సే తినేశాయి. బరువు ఒక్కటే కాదు, నేల రెండంగుళాలు లేచిందంటే ప్రతి తలుపూ కింద కోయాలి, బాల్కనీ గడప మునుగుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా కొత్త మట్టాన్ని బాత్‌రూమ్‌లోకి కూడా లాక్కెళ్ళి మొత్తం సమం చేశారంటే నీళ్ళు గదిలోకి నడుచుకుంటూ వస్తాయి.

రాయి కావాలనే ఉంటే పాత టైల్స్, మాలు తీయించి, అసోసియేషన్ అనుమతితో, ఇంజినీరుకి చూపించి వేయించుకోండి. లేదా బాల్కనీ, పూజగది, ప్రవేశద్వారం దగ్గర నాలుగడుగులు, ఇలా కాలు రోజూ పడే చోట మాత్రం. మనకి దూరం వెళ్ళక్కర్లేదు. వికారాబాద్ జిల్లా తాండూరు నుంచి నీలంబూడిద, పసుపు రెండు రంగుల బండలూ వస్తాయి, ఆంధ్ర వైపు వాళ్ళకి నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గర. మన అమ్మమ్మల కాలం నుంచీ వీటన్నిటినీ కలిపి షాబాద్ బండలు అనేస్తాం. ఇటాలియన్ మార్బుల్‌తో పోలిస్తే రాయి రేటు ఏ మూలకీ రాదు, ఖర్చంతా పనిలోనే ఉంటుంది.

ఒకటి తెలుసుకుని కొనండి: ఇవన్నీ సున్నపురాయి జాతి. పులుపు పడితే పొంగి మరక దిగుతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్, అన్నిటికన్నా ఘోరం టాయిలెట్ క్లీనర్ యాసిడ్. షాపులో చిన్న ముక్క అడిగి తెచ్చుకుని నిమ్మబద్ద దాని మీద బోర్లించి రాత్రంతా ఉంచండి, పొద్దున మెరుపు పోయిన గుండ్రటి మచ్చ ఉంటుంది. అద్దంలా పాలిష్ పట్టిన రాయి మీద ఆ మచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, తోలులా మెరుపు తగ్గించిన లెదర్ ఫినిష్ మీదైతే కలిసిపోతుంది. అందుకే మెరుపు వద్దు. పరిచే ముందు రాళ్ళన్నీ మాలు లేకుండా వరుసగా పేర్చి చూడమనండి, ఒక లోడుకీ ఇంకో లోడుకీ రంగు తేడా ఉంటుంది, ముదురువన్నీ ఒకచోట చేరితే నేల మచ్చలమచ్చలుగా తయారవుతుంది. పని అయ్యాక రాయిలోకి ఇంకే రకం సీలర్ కొట్టించండి, పైన ప్లాస్టిక్ పొర కట్టే రకం కాదు.

చెట్టినాడు ఆత్తంగుడి టైల్స్ అంటే నాకు ప్రాణం. కారైకుడి దగ్గర ఆ ఊళ్ళో గాజు పలక మీద సిమెంటు, ఇసుక, రంగు పోసి చేత్తో చేస్తారు, బట్టీలో కాల్చరు, నీళ్ళలో నానబెట్టి గట్టిపరుస్తారు. ఆ నునుపు గాజు ఇచ్చిందే. బాల్కనీకో పూజగదికో వేసుకుంటే వాడే కొద్దీ నిగారిస్తాయి. వీటికీ యాసిడ్ పడదు.

చెక్క నేల ఊసే ఎత్తకండి. షాపులో వుడెన్ ఫ్లోరింగ్ అని అమ్మేది చాలావరకు చెక్కపొడి అట్ట మీద చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం. పనమ్మాయి బకెట్ నీళ్ళతో తుడిచిన ప్రతిసారీ అతుకుల దగ్గర కొంచెం కొంచెం ఉబ్బుతుంది.

టైల్స్ ఉంచేస్తున్నారా? అయితే సగం నేల కప్పేయండి. వరంగల్ జంపఖానాలు ఉన్నాయి, 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది వాటికి, నూలువి, ఉతుక్కోవచ్చు, లేత రంగుల్లో కూడా నేయించుకోవచ్చు. వేసవిలో తుంగచాప, ఈతచాప. నున్నటి టైల్ మీద చాప జారుతుంది, పెద్దవాళ్ళున్న ఇంట్లో అది తుంటి ఎముక ప్రమాదం, కాబట్టి కింద రబ్బరు జాలీ తప్పనిసరి.

చెక్క

మా అక్క వాళ్ళ ఫ్లాటులో వార్డ్‌రోబుల విషయంలో జరిగిన సంభాషణ దాదాపు ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది కాబట్టి చెబుతున్నాను. కార్పెంటర్ చూసి వెంటనే, "మొత్తం తీసేసి కొత్తవి కొట్టేద్దాం మేడమ్, లుక్ మారిపోతుంది" అన్నాడు.

"లోపల బాక్సు బాగానే ఉంది కదన్నా, తలుపులు మాత్రం మారిస్తే?"

అతను అడుగున వేలితో తట్టి, మూలల్లో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాడు. "బాక్సు గట్టిదే మేడమ్, చెద లేదు. పాత హింజ్ బొక్కల్లో స్క్రూ పట్టదు గానీ, రెండించులు పైకి జరిపి బిగిస్తా."

అంతే, ఖర్చు సగానికి సగం తగ్గింది. బాక్సు ఉంచి తలుపులు మార్చడం అనేది ఫ్లాటు మార్పుల్లో అన్నిటికంటే లాభసాటి పని. తలుపులకి టేకు వెనీర్ వేసుకోవచ్చు, అంటే ప్లై మీద అర మిల్లీమీటరు అసలు టేకు పొర. ఇది ప్లాస్టిక్ బొమ్మ కాదు, అసలు చెక్కే, కాకపోతే పల్చటిది. ఉప్పుకాగితం గట్టిగా కొడితే పొర చిరిగి కింద ప్లై బయటపడుతుంది, ఆ పని మిషన్‌తో కాకుండా చేత్తో చేయమనండి. గదికి కావాల్సిన షీట్లన్నీ ఒకే లాటులోవి తీసుకోండి, లేకపోతే పక్కపక్క తలుపులు ఒకటి నల్లగా ఒకటి ఎర్రగా ఉంటాయి. అంచులకి అసలు టేకు పట్టీ కొట్టించండి, చెయ్యి తగిలేది అక్కడే కదా. పాలిష్ మెరుపు లేని పీయూ (పాలియురెథేన్) అయితే చెక్క చెక్కలా ఉంటుంది.

పేము అల్లిక తలుపులు ఇంకా బాగుంటాయి, బట్టలకి గాలి ఆడుతుంది, వానాకాలం ముక్కవాసన రాదు. అల్లిక షీటుని ఫ్రేముకి బిగించే ముందు గంటసేపు నీళ్ళలో నానబెట్టాలి. తడిగా ఉన్నప్పుడు వదులుగానే కనిపిస్తుంది, కంగారు పడొద్దు, ఆరేసరికి డప్పులా బిగుస్తుంది. రెండు మూడేళ్ళకి వదులైతే వెనకవైపు గోరువెచ్చని నీళ్ళు చిలకరించి ఆరనిస్తే మళ్ళీ బిగుస్తుంది. కింది సగం మాత్రం చెక్కే పెట్టించండి, పిల్లల కాళ్ళు, చీపురు కర్రలు తగిలేది అక్కడే.

కొత్తగా బాక్సు కొట్టించాల్సి వస్తే ప్లై షీటు మీద ముద్ర చూడండి. తడి తగిలే చోట ఐఎస్ 710 మెరైన్ గ్రేడు, మిగతా చోట ఐఎస్ 303 లో బీడబ్ల్యూఆర్, అంటే మరిగే నీళ్ళకీ జిగురు వదలని రకం. జిగురులో ఫార్మాల్డిహైడ్ అనే కళ్ళు మండించే రసాయనం తక్కువ ఉన్నదానికి ఈ0, ఈ1 అని రాస్తారు, పిల్లలున్న ఇంట్లో అది అడగండి. ఏదైనా సరే, పని అయ్యాక తలుపులన్నీ తీసి కొన్ని వారాలు గాలికి వదిలేసి అప్పుడు బట్టలు సర్దుకోండి. సహజమైన ఇల్లు అని పేరు పెట్టుకుని కళ్ళు మండుతుంటే ఏం లాభం.

డైనింగ్ టేబుల్‌కి మాత్రం అసలు చెక్క. కొత్త టేకు కొనలేకపోతే పాత ఇళ్ళు కూల్చినచోట వచ్చే దూలాలు, తలుపులు చూడండి, ఏభై అరవై ఏళ్ళు ఆరిన చెక్క, ఇక వంకర తిరగదు. ఉలితో మూలన కాస్త చెక్కి చూస్తే లోపల తేనెరంగు, నూనె వాసన ఉంటే టేకే. పురుగు బొక్కలున్నా కంగారు లేదు, తట్టినప్పుడు వాటిలోంచి మెత్తటి తాజా పొడి రాలిందా, ఆ చెక్క కొనొద్దు. కోయించేముందు మేకులన్నీ పీకించాలి, లేకపోతే సా మిల్లు వాడు బ్లేడు డబ్బులు మీ దగ్గరే తీసుకుంటాడు. మామిడి చెక్క చవకే, కానీ మందు పట్టించనిదైతే పురుగుకి పండగ. వేప చెక్కని పురుగు అంతగా ముట్టదు, దాన్ని మనవాళ్ళు ఎందుకో ఫర్నిచర్‌కి చిన్నచూపు చూస్తారు.

డ్రాయర్ పిడులకి ఏటికొప్పాక. అవును, బొమ్మల ఏటికొప్పాకే. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకి పట్టుకుంటుంది, రంగులు చెట్ల గింజలూ బెరడుల నుంచి తీసినవి. పసుపు, లేత ఆకుపచ్చ, ఇటుక ఎరుపు, ఆ మూడూ లేత గోడల పక్కన భలే పలుకుతాయి. పొయ్యి పక్క అరలకి మాత్రం పెట్టొద్దు, వేడికి వచ్చిన లక్క వేడికే పోతుంది.

తెరలూ గలేబులూ

చేనేత బట్టతో కర్టెన్లు కుట్టించేవాళ్ళు పప్పులో కాలేసేది కొలత దగ్గర. లెక్క ఇలా వేసుకోండి. కిటికీ 5 అడుగులు, అంటే 60 అంగుళాలు. తెర కుచ్చిళ్ళు పడాలంటే రెండు నుంచి రెండున్నర రెట్లు, అంటే 120 నుంచి 150. మంగళగిరి నూలు పన్నా సుమారు 45 అంగుళాలు ఉంటుంది కాబట్టి మూడు పన్నాలు కావాలి. రాడ్డు నుంచి నేల దాకా 8 అడుగులు, మడతలకి, ఉతికితే కుదించుకుపోయేదానికి ఇంకో అడుగు, మొత్తం 9. మూడు తొమ్మిదులు 27 అడుగులు, దగ్గర దగ్గర 8 మీటర్ల 25 సెంటీమీటర్లు. 9 మీటర్లు కొనండి. కుట్టకముందే బట్టని రాత్రంతా నీళ్ళలో నానేసి ఉతికి ఆరేయండి, టైలర్ అక్కర్లేదన్నా సరే. నూలు కుదించుకుపోతుంది, కుట్టాక కుదించుకుపోతే తెర నేలకి జానెడు పైన వేలాడుతుంది.

పడమటి కిటికీకి పల్చటి పొందూరు ఖాదీ ఒక్కటే వేస్తే ఎండ ఆగదు. వెనక మందపాటి తెల్ల నూలు లైనింగ్ కుట్టించండి, ముందు బట్ట రంగూ నిలుస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ ఎండ తగిలే చోట పెట్టి వెలిసిపోయిందని బాధపడటం అన్యాయం, దాని స్థానం నీడలో ఉన్న గోడ, లేదా దిండు గలేబు. సోఫా మార్చక్కర్లేదు, జిప్పుతో తీసే మందపాటి నూలు కవర్లు కుట్టించి రెండు జతలు పెట్టుకుంటే చాలు, ఒకటి ఉతుకులో ఉంటే ఒకటి సోఫా మీద.

హైదరాబాద్, వరంగల్, కర్నూలు లాంటి పొడి వేసవి ఊళ్ళవాళ్ళు పడమటి బాల్కనీకి వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లితే మధ్యాహ్నాలు మారిపోతాయి. విశాఖ, కాకినాడ వాళ్ళకి అది దండగ, అక్కడి గాలిలోనే నీళ్ళున్నాయి, తడిక ఆరదు, చల్లబడదు, బూజు పడుతుంది. సముద్రం పక్కన ఉన్నవాళ్ళు పేముకి కూడా గాలి ఆడే జాగా వదలాలి, ఇనప మేకులు, హింజులు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు, ఇత్తడి వాడాలి.

వంటిల్లు, బాత్‌రూము, గోడలు కొట్టడం

వంటింట్లో గ్రానైట్ గట్టు ఉంటే ఉంచేయండి, అది కూడా రాయే కదా, దాన్ని పీకి నకిలీ రాయి పెట్టడం ఏం తెలివి. సింకు కింద చెక్క బాక్సు వద్దు. పాత ఇళ్ళల్లోలా కడప బండ అరలు పెట్టించి ముందు టేకు ఫ్రేము తలుపులు బిగిస్తే చెదా రాదు, నీళ్ళకీ ఉబ్బదు, మాడ్యులర్ కంటే చవక. బాత్‌రూము నేల ముట్టుకోకండి, టైల్స్ కింద నీళ్ళు ఆపే పొర దెబ్బతిని కింది ఇంటివాళ్ళ సీలింగ్ మీద మరక వచ్చిందంటే మీ అందమైన లేత రంగుల టైల్స్ అన్నీ మళ్ళీ పీకాలి.

కొత్త టవర్లలో ఉన్నవాళ్ళు ఏ గోడకైనా డ్రిల్లు పెట్టేముందు అది మైవాన్ కట్టడమేమో కనుక్కోండి. అల్యూమినియం అచ్చులు పెట్టి కాంక్రీటు పోసి కట్టినవాటిలో లోపలి గోడలు కూడా బరువు మోసేవే కావొచ్చు, తలుపు కోసం కోయడం, వైరింగ్ కోసం గాడి కొట్టడం కుదరదు. లైట్లు అదనంగా కావాలంటే ఇత్తడి పైపులోనో చెక్క పట్టీలోనో వైరు బయటనుంచే నడిపించండి, శుభ్రంగా చేస్తే అదొక అందం.

పని వరుస: చెమ్మ, నీళ్ళ పని, వైరింగ్, రాతి పని, చెక్క పని, లప్పం, మొదటి కోటు, తలుపులు బిగించడం, చివరి కోటు, తెరలు. వానాకాలంలో పెయింటు, పాలిష్ పెట్టుకోవద్దు, దసరా నుంచి సంక్రాంతి మధ్య అన్నిటికీ అనువు. కార్పెంటర్‌కి చివరి పావు డబ్బు తలుపులన్నీ మూడు నాలుగు వారాలు తెరిచి మూసి చూసుకున్నాక ఇవ్వండి, ముందే చెప్పి ఒప్పించుకోండి.

అంతా అయ్యాక మిగిలిన పెయింటు డబ్బా మూత మీద షేడ్ కోడ్, గది పేరు, తేదీ మార్కర్‌తో రాసి అటక మీద పెట్టండి, రెండు రాతి పలకలు, ఒక వెనీర్ ముక్క, తెర బట్ట ఒక మీటరు కూడా దానితోపాటే.